అప్‌డేట్: డైరెక్షన్ వదిలి సౌండ్‌కి మారాను

సినిమా డైరెక్షన్‌లోనే ఉండాలా, సౌండ్ రికార్డింగ్‌కి మారాలా అని ఆమధ్య ఇక్కడ అడిగాను కదా. మారిపోయాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఇప్పుడు సీన్ అవగానే అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేస్తున్నాను. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలను అతుకు తెలియకుండా పూడ్చేది అదే. యూనిట్ వాళ్లు విసుక్కుంటారు, అయినా వదలను. పట్టుచీరలో దాచిన కాలర్ మైక్‌కి గరగర రాకుండా టేపు వేయడం మాత్రం ఇంకా కుదరట్లేదు.

తెలుగులో ఇప్పటికీ డబ్బింగే ఎక్కువ. అందుకే సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే డైలాగులు రికార్డు చేయడం) తెలిసినవాళ్లు తక్కువ, వాళ్లకి పని దొరుకుతుందని నా లెక్క. డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ప్రభుత్వ ఫిల్మ్ స్కూళ్లు రెండింటికీ సౌండ్ కోర్సుకే అప్లై చేస్తాను. సీటు రాకపోతే హైదరాబాద్‌లో ఏదైనా డబ్బింగ్ స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరతాను. ఈ రెండో ప్లాన్ సంగతి నాన్నకి ఇంకా చెప్పలేదు.