అప్‌డేట్: ఉల్లి వేరు కణంలో 16 క్రోమోజోములు 32 అయ్యేది ఎప్పుడు? (జవాబు దొరికింది)

ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదివే మా అమ్మాయి కోసం అడిగాను. కణం విభజన చెందడానికి ముందు వచ్చే ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపు అయినప్పుడు, ఉల్లి వేరు కణంలో క్రోమోజోములు 16 నుంచి 32 కావాలి కదా, పుస్తకంలో ఇంకా 16 అనే ఎందుకుంది అని. జవాబులు రాసిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది "సెంట్రోమియర్లు లెక్కపెట్టండి" అన్న సలహా. సెంట్రోమియర్ అంటే క్రోమోజోము ప్రతులు రెండూ అతుక్కుని ఉండే చోటు; ఎన్ని సెంట్రోమియర్లుంటే అన్ని క్రోమోజోములు. వాళ్ల బోటనీ లెక్చరర్ కూడా అదే చెప్పారట. ఎస్ దశలో ప్రతి క్రోమోజోముకూ అచ్చం అలాంటి ప్రతి తయారవుతుంది, కానీ ఆ రెండూ విడిపోవు. కొహెసిన్ అనే ప్రోటీన్ వాటిని కలిపి పట్టుకుంటుంది. అలా అతుక్కుని ఉన్నంతసేపూ వాటిని రెండు క్రొమాటిడ్లున్న (ఒక్కో ప్రతి ఒక క్రొమాటిడ్) ఒకే క్రోమోజోముగా లెక్కేస్తారు. అంటే డీఎన్‌ఏ రెట్టింపే, క్రొమాటిడ్లు 32, క్రోమోజోములు మాత్రం 16. అనాఫేజ్‌లో, అంటే కణ విభజనలో ఆ ప్రతులు విడిపోయే దశలో, ఆ పట్టు తెగగానే ప్రతి క్రొమాటిడ్ ఒక క్రోమోజోము అయిపోతుంది. అప్పుడే 32. అటు 16, ఇటు 16 వెళ్లి, రెండు పిల్ల కణాలకూ మళ్లీ పదహారేసి.

మనిషి కణంలో 46 కూడా ఇంతే. ఆ లెక్క మా అమ్మాయి తనే వేసి చూపించింది, నాకు చాలా సంతోషమేసింది.

మెసెల్సన్, స్టాల్ 1958 ప్రయోగం గురించి రాసినవారు బాగా వివరించారు. అది డీఎన్‌ఏ ఎలా రెట్టింపవుతుందో చెప్తుంది, ఈ లెక్కకు దాని అవసరం రాలేదు. క్షయకరణ విభజనతో (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన, మియోసిస్) పోల్చమన్న సలహాతో మాత్రం తను ఇంకా తికమకపడింది. ముందు సమవిభజన (పైన చెప్పిన విభజన, మైటోసిస్) వరకే చూసుకోవడం మంచిది.