ఫోన్ డేటా అంతా విండోస్ అప్‌డేట్లకే పోతోంది, ఆపడం ఎలా?

పర్లాకిమిడి పిల్ల: మాకు వైఫై లేదు, కంప్యూటర్‌కి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్. ఆన్ చేసిన కాసేపటికే డేటా అయిపోయిందని మెసేజ్ వస్తోంది. విండోస్ 11 హోమ్. పూర్తిగా ఆపేయొచ్చా? ఆపితే కొత్త ప్రింటర్ తగిలించడానికి ఇబ్బందా?

రాయగడ నెట్‌సెంటర్: ఇదో పెద్ద పనా? సర్వీసెస్ (వెనకాల నడిచే ప్రోగ్రాముల జాబితా) తెరిచి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేసెయ్యి. మా ఊళ్లో సగం కంప్యూటర్లు నా చేతి మీదుగా వెళ్లినవే.

సిరొంచ సారు: చేస్తే ఎన్నాళ్లుంటుంది అన్నా? అప్‌డేట్ మెడిక్ అని ఇంకో సర్వీసు ఉంది. ఆపినదాన్ని మళ్లీ లేపడమే దాని పని.

బళ్లార్షా బాబు: విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీలో ఒక్క క్లిక్.

సిరొంచ సారు: ఆమె హోమ్ అని రాసింది. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటరే ఉండదు. ప్రశ్న చదివి రాయండి.

రాయగడ నెట్‌సెంటర్: మెడిక్‌ని రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోట, పడుకోబెడితే సరి. నేను పెట్టిన సెట్టింగ్ ఇంతవరకు తిరిగి లేవలేదు.

సిరొంచ సారు: రిజిస్ట్రీ ఆ అమ్మాయి చేత కెలికిస్తారా! సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి, హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ (డేటాకి లెక్క ఉన్న నెట్ అని విండోస్‌కి చెప్పే స్విచ్) ఆన్ చెయ్యమ్మా. పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి. వేరే ఫోన్ నుంచి నెట్ ఇస్తే మళ్లీ పెట్టుకోవాలి.

ధర్మాబాద్ మిర్చి: మీకు డేటా గోల, మాకు టైం గోల. సీజన్‌లో, మా అడ్తి దుకాణంలో, రైతు తూకం చీటీ పట్టుకుని నిలబడ్డాడు. స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, కంప్యూటర్ ఆపొద్దని రాసుంది. ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఇప్పుడు యాక్టివ్ అవర్స్ పెట్టుకున్నాను, 18 గంటల దాకా ఇస్తుంది. పని వేళల్లో దానంతటది రీస్టార్ట్ కావట్లేదు.

జయపురం: అందరూ ఆపమనేవాళ్లే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లకే తాళం పడింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. పెట్టుకోని చోట్లే దెబ్బ తగిలింది.

రాయగడ నెట్‌సెంటర్: 2018 అక్టోబర్ సంగతి చెప్పవేం? విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లే చెరిపేసింది, వాళ్లే వెనక్కి తీసుకున్నారు. రాగానే పెట్టుకున్నవాళ్లే నష్టపోయారు.

జయపురం: అందుకే కొన్నాళ్లు ఆగి పెట్టుకోమంటాం, శాశ్వతంగా ఆపెయ్యమనం. విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ నొక్కితే ఐదు వారాల దాకా ఆగుతుంది, ఆ తర్వాత పెట్టుకోక తప్పదు. మీ షాపుకొచ్చే మెషిన్లన్నీ వైరస్‌లతో ఎందుకుంటాయో ఇప్పుడర్థమైంది.

రాయగడ నెట్‌సెంటర్: నోరు అదుపులో పెట్టుకో. నీ లాంటి పుస్తకాల పండితులు పాడుచేసినవే నా దగ్గరికి వస్తాయి.

గుణుపురం: నాది విండోస్ 10. అప్‌డేట్ల గోలే లేదు, హాయి.

జయపురం: 2025 అక్టోబర్ 14తో దానికి ఉచిత సపోర్ట్ అయిపోయింది బాబూ. హాయి కాదది, గడియ లేని తలుపు.

పర్లాకిమిడి పిల్ల: మీటర్డ్ పెట్టాను సారూ, డేటా నిలబడింది. ప్రింటర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిరొంచ సారు: మీటర్డ్‌లో డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దానంతటది దిగదు. బ్లూటూత్, డివైసెస్ పేజీలో మీటర్డ్ మీద కూడా డ్రైవర్లు దించుకోనిచ్చే స్విచ్ ఉంటుంది. ప్రింటర్ తగిలించేటప్పుడు అది ఆన్ చేసి, పనయ్యాక ఆపెయ్. ఫైళ్లను నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ కూడా చూడు, ఫొటోలు ఎక్కిస్తూ అదీ డేటా లాగేస్తుంది.

గుణుపురం: అదలా ఉంచండి. తెలుగుతో పాటు ఒడియా కీబోర్డు పెట్టినవాళ్లున్నారా? పంచాయతీ దరఖాస్తు టైపు చెయ్యాలి.

బళ్లార్షా బాబు: లాంగ్వేజ్‌లో ఒడియా యాడ్ చేసుకో. తర్వాత విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. మేం మరాఠీకి అదే వాడతాం.

ధర్మాబాద్ మిర్చి: యూపీఎస్ బ్యాటరీ నాందేడ్‌లో కొనాలా, నిజామాబాద్‌లోనా? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు బయల్దేరుతున్నా.