రాత్రి రైల్లో షుగర్ ఉన్న అమ్మకి భోజనం, పాపకి పాలు ఎలా?

ప్రశ్న (కె.ఆర్.పురం, బెంగళూరు): అందరికీ నమస్కారం. వచ్చే శుక్రవారం అమ్మని, ఏడాదిన్నర పాపని తీసుకుని మెజెస్టిక్ నుంచి కాచిగూడకి థర్డ్ ఏసీలో వెళ్తున్నాను. సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగుతాం. అమ్మ రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటుంది. రైల్లో ప్యాంట్రీ (వంట బోగీ) ఉండదని విన్నాను. భోజనం ఆర్డర్ పెడితే చాలా, ఇంటి నుంచి తీసుకెళ్లాలా? పాప పాలకి వేడినీళ్లు దొరుకుతాయా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు (యశ్వంతపుర): అమ్మగారి భోజనం మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఆర్డర్ సౌకర్యం బాగానే ఉంది. ఐఆర్‌సీటీసీ ఈ-క్యాటరింగ్‌లో పీఎన్ఆర్ కొడితే హిందూపురం, ధర్మవరం, అనంతపురం వైపు ఏ స్టేషన్‌లో ఏం దొరుకుతుందో చూపిస్తుంది. 1323కి ఫోన్ చేసినా సరే, బెర్త్ దగ్గరికే తెచ్చిస్తారు. కానీ రైలు లేటైతే భోజనమూ లేటే కదండీ. ఇన్సులిన్ వేసుకుని అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే షుగర్ పడిపోతుంది. డబ్బా పక్కన పెట్టుకున్నాకే సూది వేసుకోమనండి. ఎన్ని నిమిషాల ముందన్నది డాక్టర్ గారు చెప్పినట్టే. గ్లూకోజ్ పొడి సూట్‌కేసులో కాకుండా ఆవిడ చేతిసంచిలోనే ఉండాలి.

భోజనం తొమ్మిదింటికల్లా అయిపోయేలా చూడండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మిడిల్ బెర్త్ వేసుకునే హక్కు ఆ ప్రయాణికుడిది. అది వేశాక కింద బెర్త్‌లో నిటారుగా కూర్చోలేం. పెద్దావిడ మెడ వంచుకుని ఎలా తింటారు?

జవాబు (మారతహళ్లి): అక్కా, చపాతీలు, బెండకాయ వేపుడు, కొద్దిగా పెరుగన్నం చాలు. అన్నం మెత్తగా మెదిపి, చల్లారాక కాచిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. రాత్రికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పుల్లబడదు. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, ఈ ఎండలకి సాయంత్రానికే వాసన వస్తుంది.

పాపకి మంచి ఫ్లాస్కులో మరిగిన నీళ్లు తీసుకెళ్లండి. పాలపొడి విడిగా చిన్న డబ్బాలో ఉంచుకుని, తాగించే ముందే కలపండి. ముందే కలిపిన సీసాని రాత్రంతా దాచొద్దు. ఎలక్ట్రిక్ కెటిల్ సంచిలో పెట్టుకుంటే తీసేయండి. బోగీలో దాన్ని వాడకూడదు, ఆ ప్లగ్గులు ఫోన్ల కోసమే, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న (కె.ఆర్.పురం): చాలా థాంక్స్ అండీ. ఇంకోటి అడగాలి. మా బావ కూడా వస్తున్నాడు. కూల్‌డ్రింక్ సీసాలో మందు కలిపి తెచ్చుకుంటానంటున్నాడు. ఏసీ బోగీలో ఎవరూ పట్టించుకోరట.

జవాబు (యశ్వంతపుర): దయచేసి ఆపండి. రైల్వే చట్టం 1989లో 145వ సెక్షన్ చూపించండి. మత్తులో ఉన్నారని తేలితే దింపేయొచ్చు, టికెట్ పోతుంది, ఆరు నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అర్ధరాత్రి ఆయన్ని దింపితే చంటిపిల్లతో, పెద్దావిడతో మీ పరిస్థితి ఏంటో ఆలోచించమనండి. పక్క కూపేలో ఎవరైనా తాగి గొడవ చేస్తుంటే మొహమాటపడకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా రైల్ మదద్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

జవాబు (బనశంకరి): డబ్బుల సంగతి నేను చెప్తాను. రైల్వే వాళ్ల మంచినీళ్లు, రైల్ నీర్ లీటరు సీసా 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలే. 20 అడిగితే ఇవ్వొద్దు, మూత సీలు కూడా చూసుకోండి. మామూలు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో స్టాండర్డ్ వెజ్ భోజనం 80, అదే స్టేషన్‌లో 70. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదన్నది రైల్వే పెట్టిన నియమమే.

ప్రశ్న (కె.ఆర్.పురం): బావకి గట్టిగా చెప్పాను, ఒప్పుకున్నాడు. వాడికి బిర్యానీ ఆర్డర్ పెడతాను. అమ్మకి పొద్దున పంచదార లేని టీ దొరుకుతుందా?

జవాబు (మారతహళ్లి): క్యాన్‌లో తెచ్చేది చాలాసార్లు పంచదార కలిపేసిందే ఉంటుంది అక్కా. నాలుగు టీ బ్యాగులు పెట్టుకోండి, ఆవిడకి ఇంకో చిన్న ఫ్లాస్కులో నీళ్లు పోయండి. పాప ఫ్లాస్కులోవి వాడితే దారిలో పాప పాలకి తక్కువ పడతాయి.