రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాతగారి సర్వీసు వివరాలు ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా అమ్మ వాళ్ల నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీలో చేశారు, బర్మా వైపు వెళ్లారని ఇంట్లో అంటారు గానీ అంతకుమించి ఎవరికీ తెలీదు, ఆయన కూడా ఆ సంగతులు ఎత్తేవారు కాదట. 1946లో వచ్చేశారు, పెన్షన్ లేదు. అమ్మమ్మకి మాత్రం చివర్లో సైనిక్ ఆఫీసు నుంచి నెలనెలా ఏవో కొద్దిగా డబ్బులు వచ్చేవి. ఇప్పుడు ట్రంకుపెట్టెలో రెండు మెడల్స్ దొరికాయి, ఒకటి ఆరు కోణాల నక్షత్రం, ఒకటి గుండ్రంది. డిశ్చార్జి కాగితం కూడా ఉంది కానీ మడత దగ్గర చెదలు కొట్టేసి నంబరు సగమే మిగిలింది. ఆయన ఏ యూనిట్లో చేశారో, ఎక్కడెక్కడ తిరిగారో అమ్మకి చెప్పాలని చాలా ఉంది, ఎక్కడ మొదలెట్టాలి? ఆన్‌లైన్‌లో పేరు కొడితే ఏమీ రావట్లేదు.

జవాబు 1:
పేరుతో వెతకడం ముందు ఆపేయండి. మన ఇంటిపేరు, తండ్రిపేరు అప్పటి గుమాస్తా ఎలా వింటే అలా రాసుకున్నాడు, ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటాడు. ఆర్మీలో మనిషంటే నంబరే, అది దొరికితే సగం పని అయినట్టే.

ఆ నంబరు మెడల్ మీదే ఉండొచ్చు. బ్రిటిష్ సైనికులకి ఆ యుద్ధం మెడల్స్ పేరు లేకుండానే ఇచ్చారు, మనవాళ్లకి ఇచ్చిన వాటి మీద మాత్రం చాలావరకు నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఇచ్చారు. గుండ్రటి దానికి అంచు మీద చూడండి, నక్షత్రానికి వెనకవైపు. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోన్‌తో జూమ్ చేస్తే అరిగిన అక్షరాలు కూడా పైకి తేలతాయి. దయచేసి చింతపండుతోనో బ్రాసోతోనో తోమకండి, ఆ మిగిలిన గీతలు కూడా పోతాయి.

గుండ్రటి దాని వెనక సింహం బొమ్మ ఉంటే వార్ మెడల్, ఇండియా మ్యాప్ ఉంటే ఇండియా సర్వీస్ మెడల్. నక్షత్రం మధ్యలో చుట్టూ పేరు రాసి ఉంటుంది, అది బర్మా స్టార్ అయినా సరే ఆయన బర్మాలోకే వెళ్లారని అనుకోకండి, 1942 మే తర్వాత బెంగాల్, అస్సాంలో కొన్నిచోట్ల చేసినవాళ్లకి కూడా అదే ఇచ్చారు.

జవాబు 2:
నేను సర్వీసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు రికార్డ్స్ పని చూశాను కాబట్టి ఉన్నమాట చెప్తానమ్మా. పెన్షన్ వచ్చినవాళ్లయితే పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు ఉంటుంది, అలహాబాద్ పెన్షన్ ఆఫీసు దాకా కాగితాల జాడ ఉంటుంది, భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల సర్వీసు కాగితాలు మాత్రం 25 ఏళ్లు ఉంచి తర్వాత తీసేయడం రూలు. యుద్ధం అయ్యాక 1946 ప్రాంతంలో ఇళ్లకి పంపేసిన లక్షలమందిది ఇదే పరిస్థితి, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే మీ పోస్టులో అసలు విషయం అమ్మమ్మగారికి వచ్చిన డబ్బులు. అది రెండో ప్రపంచ యుద్ధం సైనికులకి, వాళ్ల భార్యలకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం అయ్యుంటుంది. అప్లికేషన్‌తో డిశ్చార్జి కాగితం జిరాక్స్ పెట్టకుండా అది మంజూరు కాదు. అంటే చెదలు తినకముందు తీసిన కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఫైల్లో ఉండే అవకాశం ఉంది! ముందు అక్కడికే వెళ్లండి, అమ్మమ్మగారి బ్యాంకు పాస్‌బుక్, డెత్ సర్టిఫికెట్, అమ్మగారి ఆధార్ తీసుకెళ్లండి, అమ్మగారి చేతే అర్జీ పెట్టించండి, మనవలకంటే కూతురు అడిగితే పని తేలిగ్గా అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. టార్చి వేసి చూశాను, నక్షత్రం వెనక నంబరు మొత్తం కనిపించింది!! పేరు పక్కన ఆర్‌ఐఏఎస్‌సీ అని ఉంది. అమ్మ ఆ అక్షరాలు వేలితో తడిమి చూసుకుంటూ కూర్చుంది.

జవాబు 2:
రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అమ్మా, రేషన్లు, లారీలు, కంచరగాడిదలు అన్నీ వాళ్లే చూసేవాళ్లు. ఇప్పుడది ఏఎస్‌సీ, బెంగళూరులో ఏఎస్‌సీ రికార్డ్స్ సౌత్ అనే రికార్డుల ఆఫీసు ఉంది, నంబరు వేసి, మీ సంబంధానికి రుజువు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. లేవు అని జవాబొచ్చినా ఆ లెటర్ దాచుకోండి.

జవాబు 3:
ఒకటి కలుపుతా. డిశ్చార్జి కాగితంలో కంపెనీ (ఆయన పనిచేసిన దళం) నంబరు దొరికితే మనిషి ఫైలు లేకపోయినా యూనిట్ కథ దొరకొచ్చు, బర్మా యుద్ధంలో యూనిట్లు రోజువారీ రాసిన వార్ డైరీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 (WO 172) అనే వరసలో ఉన్నాయి. కేటలాగ్ ఇంట్లోంచే ఫ్రీగా వెతకొచ్చు. అందులో సిపాయిల పేర్లు అరుదు, కానీ ఏ నెలలో ఏ ఊళ్లో క్యాంపు వేశారో తెలుస్తుంది. ఆయనతోపాటు వెళ్లి తిరిగిరాని బంధువులు ఎవరైనా ఉంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్ చూడండి, జిల్లా పేరు మాత్రం అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కొట్టండి, ఉదాహరణకి విశాఖపట్నం అయితే Vizagapatam అని.