సమస్యాపూరణం: వంట యీశాన్యమున జేయ వాసి గలుగు

పై మాటే చివరి పాదంగా తేటగీతి ఛందస్సులో పద్యం పూర్తి చేయాలి. వాస్తు ప్రకారం ఆగ్నేయానికి అధిపతి అగ్ని కాబట్టి వంట అక్కడే. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిందీ అదే: ఈశాన్యాన దేవగృహం, ఆగ్నేయాన వంటిల్లు, నైరృతిలో సామాను, వాయవ్యంలో ధనధాన్యాలు. మరి పొయ్యిని ఈశాన్యానికి ఎలా ఒప్పిస్తారో చూద్దాం.

బడిపంతులు:
అగ్నిమూలలో నేపని యమరు నింట?
దేవు మందిర మేదెస దీర్చవలయు?
కొలత తప్పక గృహమును గూర్ప నేమి?
వంట, యీశాన్యమున, జేయ వాసి గలుగు.

నిర్వాహకుడు: ప్రశ్నలకు చివరి పాదంలో వరసగా జవాబులిచ్చే క్రమాలంకారం చక్కగా కుదిరింది పంతులుగారూ. మూడో పాదంలో 'కూర్ప' అన్నాక మళ్లీ 'చేయ' పునరుక్తి. 'కొలత తప్పని పనివాని గుణమదేమి?' అంటే సరి. కొలత అనగానే నాకు వాస్తులో ఇంటి కొలతల మంచిచెడ్డలు చూసే ఆయం లెక్క గుర్తొచ్చింది. ఇంటి వైశాల్యాన్ని ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటి ధ్వజాయం, మూడు సింహాయం. ఎవరైనా దాన్నీ పద్యంలో ఇరికిస్తే బాగుండేది.

హోటలు బాబాయి:
ఆంధ్ర వంటల రుచి చూప నసము కేగి
పప్పు గోంగూర గౌహతి ప్రజలు మెచ్చ
తమ్ముడొక హోటలును పెట్టి ధనము గూర్చె
వంట యీశాన్యమున జేయ వాసి గలుగు.

నిర్వాహకుడు: ఇంటి ఈశాన్యాన్ని దేశం ఈశాన్యానికి తోశారు, భలే! అస్సాంను 'అసము' చేయడమే ఎబ్బెట్టు. గౌహతి ఎలాగూ ఉంది, 'నరిగి తాను' అనండి చాలు.

అద్దెకొంప:
తెలిసి తెలియని సిద్ధాంతి పలికె నిట్లు
దేవు గది మార్చి పొయ్యిని దింపుమనుచు
నమ్మి కట్టితి, పొగచూరె నాదు బ్రతుకు
వంట యీశాన్యమున జేయ వాసి గలుగు.

హోటలు బాబాయి: మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి) తప్పింది కదండీ? 'తె'కి 'ప' ఎలా?

బడిపంతులు: తప్పలేదు బాబాయిగారూ, అది రెండో అక్షరాలు కలిస్తే సరిపోయే ప్రాసయతి. 'తెలిసి', 'పలికె' రెండింట్లోనూ రెండో అక్షరం 'లి', దాని ముందు లఘువే. తేటగీతిలో చెల్లుతుంది. నాకు ఇబ్బంది దూరాన్వయంతోనే. 'పలికె నిట్లు' ఒకచోట, పలికిన మాట మూడు పాదాల అవతల.

నిర్వాహకుడు: అవును. ఒకటో పాదాన్నీ మూడో పాదాన్నీ తారుమారు చేయండి. తేటగీతికి ప్రాస నియమం, అంటే పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే కావాలన్నది, లేదు కాబట్టి ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. సమస్యను మూర్ఖుడి నోట పెట్టేయడం పాత ఎత్తే అయినా 'పొగచూరె' దగ్గర నవ్వొచ్చింది.

అద్దెకొంప: పాదాలు మార్చేశాను గురువుగారూ. పొయ్యి మార్చడానికే, మేస్త్రీ వచ్చే వారం అంటున్నాడు.