ఉన్నత స్థాయి నాయకులతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు: లోతైన సమాధానాలు రాబట్టడం ఎలా?

ప్రశ్న:
సంస్థల అధిపతులు కీలక నిర్ణయాలు ఎలా తీసుకుంటారన్న అంశంపై గుణాత్మక పరిశోధన (అంకెలకు బదులు మనుషుల మాటలు, అనుభవాల ఆధారంగా చేసేది) చేస్తున్నాను. వీడియో కాల్‌లో గంట సమయం ఇచ్చినవారు కూడా అరగంటకే ముగించమంటున్నారు. ఆ కాసేపూ పత్రికా ప్రకటన చదివినట్టు మాట్లాడుతున్నారు. అనుభవజ్ఞులు దయచేసి సూచనలివ్వగలరు.

మొదటి జవాబు:
అభిప్రాయం కాదు, సంఘటన అడగండి. "మీ నాయకత్వ శైలి ఏమిటి?" అనే బదులు, "బోర్డు వ్యతిరేకించినా మీరు ముందుకు తీసుకెళ్లిన ఒక నిర్ణయం గురించి చెప్పండి. ఆ సమావేశంలో ముందుగా అభ్యంతరం చెప్పిందెవరు?" అని అడిగితే, కంఠస్థమైన వాక్యాలు అక్కరకు రావు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన కీలక సంఘటనల పద్ధతి కూడా ఇటువంటిదే. వార్షిక నివేదికలో దొరికే విషయాలకు వారి సమయం ఖర్చు చేయకండి. మరొక మాట: వీడియోలో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక, వారు ఆగగానే తదుపరి ప్రశ్న అందుకోకండి, చాలాసార్లు అసలు విషయం ఆ విరామం తర్వాతే బయటికొస్తుంది.

రెండవ జవాబు:
జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే ఆగిపోతుందని మరవకండి. సమయం ఖరారు చేసేది సాధారణంగా వారి కార్యదర్శే కాబట్టి, ఆయనతో మర్యాదగా, క్లుప్తంగా వ్యవహరించండి.

మూడవ జవాబు:
గోప్యత విషయం ఎవరూ ప్రస్తావించలేదు. పేరు తొలగించినా, హోదా, రంగం, సంవత్సరం కలిస్తే ఆ వ్యక్తి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అందువల్ల రికార్డింగ్‌కు ముందే సమ్మతి తీసుకుని, ఉటంకించదలచిన వాక్యాలను ప్రచురణకు ముందు వారికి చూపిస్తామని చెప్పండి. ఆ హామీ దొరికాకే కొందరు మనసు విప్పుతారు.