సీఆర్‌పీఎఫ్ జవాను వీరమరణం: భార్యకు పెన్షన్ ఎంత, ఎన్‌పీఎస్ డబ్బు ఎవరికి?

ప్రశ్న: మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయిన కానిస్టేబుల్ మా ఊరివాడు. 2012లో చేరాడు, బేసిక్ 32,300. ఎన్‌పీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ డబ్బు జమచేసే జాతీయ పెన్షన్ పథకం) కాబట్టి భార్యకు పెన్షన్ రాదంటున్నారు. నిజమేనా అండి?

జవాబు 1: కాదండి. విధిలో చనిపోతే ఎన్‌పీఎస్ వాళ్ల కుటుంబాలకూ అసాధారణ పెన్షన్ నిబంధనలు వర్తిస్తాయి. ముందు మంజూరు ఉత్తర్వులో కేటగిరీ చూడండి. 'డి' (ఉగ్రవాదులు, అసాంఘిక శక్తుల హింసలో మరణం) లేదా 'ఈ' (యుద్ధం, తీవ్రవాదులపై చర్యల్లో మరణం) అయితే చివరి బేసిక్ మొత్తం, అంటే 32,300, దానిపై డీఏ. విధి నిర్వహణలో ప్రమాదమని 'సి' రాస్తే 60 శాతమే, 19,380. ఎఫ్‌ఐఆర్, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (దళం సొంతంగా జరిపే విచారణ) నివేదికల్లో 'ఎదురుకాల్పులు' అని స్పష్టంగా లేకపోతే ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఆ రెండింటి నకళ్లు ఇప్పుడే తీసుకోమనండి.

జవాబు 2: ఎన్‌పీఎస్ ఖాతాలో ప్రభుత్వ వాటా, దానిపై రాబడి ప్రభుత్వానికి వెనక్కి వెళ్తాయి. ఆయన వాటా, దాని రాబడి నామినీకి వస్తాయి. పెళ్లికి ముందు నామినీగా తల్లి పేరు రాసి మార్చకపోవడం చాలా మామూలు, అది చూడండి. గ్రాట్యుటీ వేరే: 11 నుంచి 20 ఏళ్ల సర్వీసుకు బేసిక్, డీఏ కలిపిన మొత్తానికి 20 రెట్లు.

జవాబు 3: తీవ్రవాదులపై చర్యల్లో చనిపోతే కేంద్ర ఎక్స్‌గ్రేషియా 35 లక్షలు. ఆధార్, సర్వీసు బుక్, బ్యాంకు ఖాతాల్లో ఆమె పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు తేడాకే ఫైలు నెలలు ఆగుతుంది, పాపం. ఆపరేషన్‌లో మరణమైతే ఈ పెన్షన్‌పై ఆదాయపు పన్నూ లేదు.